వాటాల బజారు - దాని సూచిక

గత సంవత్సరము తల్లిదండ్రుల సమావేశము ముగిసిన పిమ్మట ఒక విద్యార్థిని తండ్రి నా యొద్దకు వచ్చి, చొక్కాజేబులో మడచియుంచిన వార్తాపత్రిక ముక్క నొకదానిని తీసి చూపెను. ఆయన భివండీలో ముప్పదియేండ్లు మరమగ్గములపై పనిచేసినవాడు. "సారూ, సెన్సెక్సు పెరిగిందని పేపర్ల పెద్దగ రాసిండ్రు. నా దగ్గరున్న షేరు అదే దినం దిగింది. పేపరోల్లు అబద్ధం రాసిండ్రా, లేకుంటే నన్నే ఎవరన్న మోసం చేసిండ్రా?" అని యడిగెను. రెండును కాదని చెప్పితిని. అట్లయిన మూడవ దేమని ఆయన మరల అడిగెను. ఇంతలో బస్సు వేళ యయ్యెను. గేటువద్ద నిలువబడి రెండు మాటలలో చెప్పదగిన విషయము కాదు గనుక, వార్షిక సంచికలో వ్రాసెదనని మాట యిచ్చితిని. ఈ వ్యాసము ఆ బాకీ తీర్చుటకు వ్రాయబడినది. నేను లెక్కల ఉపాధ్యాయుడనే గాని వర్తకుడను కాను. ఏ వాటా కొనవలెనో చెప్పువాడను అంతకన్నను కాను.

మన ఇండ్లలో చీటీ యన నేమో తెలియనివారు లేరు. ఇచ్చట మహారాష్ట్రమున దానినే భిశీ యందురు. చీటీలో నెలకు ఎంత వేయవలెనో, మొత్తము ఎంత యగునో మొదటి దినముననే తెలియును. బ్యాంకులో గడువు పెట్టి దాచిన సొమ్మునకు వడ్డీ యెంతయో ముందుగనే కాగితముపై వ్రాసి యిత్తురు. వాటా యట్టిది కాదు. ఒక కంపెనీ వాటాను కొన్నవాడు ఆ కంపెనీకి అప్పు ఇచ్చినవాడు కాడు, దానిలో పాలివాడైనవాడు. కూలివాండ్రకు కూలి, పత్తి వర్తకునకు బాకీ, బ్యాంకునకు వడ్డీ, ప్రభుత్వమునకు పన్ను - ఇవన్నియు ఇచ్చిన పిమ్మట మిగిలినదానిలో అతనికి పాలు. మిగులక పోయిన పాలును లేదు. అయితే ఒక రక్షణ కలదు. కంపెనీ మునిగినను అతడు పెట్టిన సొమ్ము మాత్రమే పోవును గాని, అప్పులవాండ్రు అతని యింటిమీదికి రారు. అన్నదమ్ములు కలిసి పెట్టిన కొట్టునకు సాధారణముగ ఈ రక్షణ లేదు. వేలకొలది అపరిచితులు తమ పొదుపు సొమ్మును ఒకచోట పోగుచేసి రైలుమార్గములు, మిల్లులు, సిమెంటు కర్మాగారములు కట్టగలిగిరన్న దానికి ఈ నిబంధనయే ముఖ్యకారణము.

ఇక స్టాక్ ఎక్స్ఛేంజి. దీనిని పశువుల అంగడితో పోల్చిన సులభముగ బోధపడును. అంగడిలో ఎద్దును కొన్నప్పుడు సొమ్ము అమ్మినవానికి చేరును గాని, దానిని దూడగా పెంచి తొలుత అమ్మిన రైతునకు చేరదు. అట్లే ఎక్స్ఛేంజిలో నేడు మీరు కొను వాటా సొమ్ము కంపెనీకి పోదు. నిన్నటివరకు ఆ వాటా కలిగియుండి నేడు అమ్మిన మరియొక వ్యక్తికి పోవును. కంపెనీ క్రొత్తగ వాటాలు జారీచేసినప్పుడు మాత్రమే సొమ్ము దానికి ముట్టును. "నా సొమ్ముతో వారు కర్మాగారము కట్టుచున్నారు" అని తలచువారిలో అనేకులు నిజమునకు ఎవరో తెలియని మరియొక మదుపుదారునకు సొమ్మిచ్చినవారే. మరి యీ అంగడివలన కంపెనీకి ప్రయోజన మేమి? కావలసినప్పుడు అమ్ముకొనగలనన్న ధైర్యము లేనిదే తొలుత కొనువాడు ముందుకు రాడు. ఆ ధైర్యమే అంగడి యిచ్చునది.

మన నగరములో ఈ అంగడి పుట్టిన విధము వినదగినది. 1850 ప్రాంతములలో కోట ప్రాంతమున టౌన్ హాలు ఎదుట, నేడు హార్నిమన్ సర్కిల్ అనుచోట, మఱ్ఱిచెట్టు నీడలో కొందరు దలాలులు చేరి కంపెనీల వాటాలు, పత్తి బేరములు సాగించుచుండిరి. వారిలో గుజరాతీలు, పారసీలు ముఖ్యులు. (ఆనాటికే మనవారు ఈ నగరమున నుండిరి; కాని చెట్టునీడన కాదు. రాళ్లు మోసి, గోడలు లేపి, ఈ నగరపు కట్టడములను నిలిపిన కామాఠీలు వారే. కామాఠీపురము వారి పేరనే యేర్పడినది.)

1861లో అమెరికాలో అంతర్యుద్ధము ప్రారంభ మయ్యెను. ఇంగ్లండులోని లాంకషైరు మిల్లులకు అమెరికా పత్తి రాక నిలిచిపోయెను. వారు పత్తికై బొంబాయివైపు చూచిరి. ధర పెరిగెను, పరుపులలోని దూదిని సైతము తీసి యమ్మినవారు ఉండిరని చెప్పుదురు. నగరములోనికి బంగారము, వెండి ప్రవహించెను. ఆ సొమ్మునకు పని కావలెను గదా! దానితో బ్యాంకులు, రుణసంస్థలు, సముద్రమును పూడ్చి భూమి చేయు కంపెనీలు పుట్టగొడుగులవలె లేచినవి. బాక్‌బే పూడిక కంపెనీవారి అయిదువేల రూపాయల వాటా యాబదివేల వరకు పలికెను. ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్ అను దలాలు ఈ వ్యాపారమునకెల్ల కేంద్రము. ఆయన మాట యున్న చాలును, బ్యాంకు అప్పు దొరకు ననిరి.

వీరు చేసిన బేరములలో అధికభాగము నాటికి నాడు తీరునవి కావు. "ఫలానా తేదీన ఈ ధరకు కొనెదను" అని ముందుమాట మీద జరిగినవి. అట్టి బేరములలో చాల భాగము 1865 జూలై 1వ తేదీకి గడువు పెట్టుకొనిరి. ఏప్రిల్ నెలలో అమెరికా యుద్ధము ముగిసెను. పత్తి ధర కూలెను. జూలై 1 వచ్చునప్పటికి కొనెదనని మాట యిచ్చినవాని యొద్ద సొమ్ము లేదు. అమ్మెదనన్నవానికి కొనువాడు లేడు. బాంక్ ఆఫ్ బాంబే వాటా ఒకప్పుడు 2,850 రూపాయలు పలికినది 87 రూపాయలకు దిగెను. ఆ బ్యాంకు కొలది సంవత్సరములలోనే మూతపడెను. ప్రేమ్‌చంద్ సైతము దివాలా తీసెను. ఆయన మంచి దినములలో విశ్వవిద్యాలయమునకు రెండు లక్షల రూపాయలు దానము చేసియుండెను. దానితో కట్టిన గడియార స్తంభమునకు ఆయన తల్లి పేర రాజాబాయి గోపురమని పేరు. ఓవల్ మైదానమున మన పిల్లలు క్రికెట్టు ఆడునప్పుడు తలయెత్తి చూచు గడియారము అదియే.

ఈ దెబ్బ తిన్న దలాలులే 1874లో నేటి దలాల్ వీధికి చేరి, 1875 జూలై 9న ఒక సంఘముగ నేర్పడిరి. అదియే బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజి. ఆసియాఖండమున ఇంతకు పూర్వపుది లేదని చెప్పుదురు. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట 1956లో చేసిన చట్టము క్రింద 1957లో దీనికి ప్రభుత్వపు గుర్తింపు లభించెను. ఇతర నగరములలోను ఎక్స్ఛేంజీలు వెలసెను; హైదరాబాదులో 1943లో స్థాపింపబడినది 2007 వరకు గుర్తింపుతో నుండెను.

నేను యువకుడనై యున్న కాలమున దలాల్ వీధి కట్టడములో దలాలులు గుమిగూడి, చేతులు ఊపుచు, గొంతు చించుకొనుచు బేరములాడు దృశ్యము ఒక వింత. ఎవడు ఎంతకు కొనెనో బయటివానికి తెలియు మార్గము లేదు. దలాలు ఏ ధర చెప్పిన అదియే ధర. 1992లో బ్యాంకుల సొమ్మును దొంగదారిన వాటాల బజారులోనికి మళ్లించి హర్షద్ మెహతా ధరలను ఆకాశమునకెత్తిన వ్యవహారము బయటపడెను. ఆ సంవత్సరమే సెబీ యను నియంత్రణ సంస్థకు చట్టబద్ధమైన అధికారములు లభించెను. దలాలుల సంఘము కాక, ఆర్థిక సంస్థలు యజమానులుగా నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజి యనునది కూడ ఆ సంవత్సరముననే స్థాపింపబడినది. 1994 నవంబరులో అది ఉపగ్రహము ద్వారా దేశమందలి యూళ్లను కలుపు పద్ధతిలో తెరలమీద వాటాల వ్యాపారము ప్రారంభించెను. పోటీకి నిలువలేక దలాల్ వీధివారును 1995 మార్చిలో తెరలకు మారిరి. అరుపులు ఆగిపోయెను. 1996 చట్టముతో కాగితపు సర్టిఫికెట్లు పోయి, వాటాలు ఖాతాలలో అంకెలయ్యెను. సంతకము కుదరలేదని కాగితములు త్రిప్పిపంపు బాధ ఎరిగినవారికే దీని విలువ తెలియును. 2023 జనవరి నాటికి, నేడు అమ్మిన వాటా సొమ్ము మరునాటికి చేతికి వచ్చు ఏర్పాటు పూర్తి యయ్యెను.

ఇప్పుడు మిత్రుడు అడిగిన ప్రశ్నకు వత్తము. బొంబాయి ఎక్స్ఛేంజిలో నమోదైన కంపెనీలు అయిదువేలకు మించి యున్నవి. "నేడు బజారు పెరిగెనా, తగ్గెనా?" అని యడిగిన ఇన్ని వేల ధరలు చదివి వినిపించుట సాధ్యము కాదు. వైద్యుడు రోగి శరీరమంతయు తడుముటకు ముందు మణికట్టు వద్ద నాడి చూచినట్లు, కొన్ని పెద్ద కంపెనీలను ఎంచి, వాని ధరల నుండి ఒకే యంకెను తీయుదురు. అదియే సూచిక. బొంబాయి ఎక్స్ఛేంజివారు 1986 జనవరిలో ముప్పది కంపెనీలతో ఇట్టి సూచికను ప్రారంభించిరి. 1978-79 సంవత్సరమును ఆధారముగ గైకొని నాటి విలువను 100 అనుకొనిరి. "సెన్సిటివ్", "ఇండెక్సు" అను రెండు మాటలను అతికి సెన్సెక్సు అను పేరు పెట్టినవాడు దీపక్ మొహోనీ యను విశ్లేషకుడు. నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజివారి సూచిక నిఫ్టీ; అది 1996లో వచ్చినది; దానిలో యాబది కంపెనీలు; దాని ఆధారపు టంకె 1995 నవంబరు 3 నాటికి 1000. రెంటి లెక్కయు ఒకటే పద్ధతి.

పద్ధతిని చిన్న లెక్కతో చూపెదను. పిల్లలను దగ్గర కూర్చుండబెట్టుకొని కాగితముపై వేసికొనిన మంచిది. ఒక ఊరిలో మూడే కంపెనీ లున్నవనుకొందము. నూలు మిల్లునకు 100 వాటాలు, ఒక్కొక్కటి 50 రూపాయలు. మొత్తము విలువ 5,000. సబ్బుల కంపెనీకి 200 వాటాలు, ఒక్కొక్కటి 200 రూపాయలు, మొత్తము 40,000. సిమెంటు కంపెనీకి 50 వాటాలు, ఒక్కొక్కటి 100 రూపాయలు, మొత్తము 5,000. మూడును కలిపిన 50,000. దీనిని 500 చేత భాగించి, ఈ దినపు సూచిక 100 అనుకొందము.

మరునాడు సబ్బుల వాటా 220 అయ్యెను, మొత్తము 44,000. నూలు మిల్లు వాటా 40కి దిగెను, మొత్తము 4,000. సిమెంటు 90కి దిగెను, మొత్తము 4,500. అన్నియు కలిపిన 52,500. 500 చేత భాగించిన 105. సూచిక నూటికి అయిదు వంతులు పెరిగెను! పత్రికవారు పెద్ద అక్షరములతో వ్రాసిరి. కాని మూడు కంపెనీలలో రెండు తగ్గినవి. నూలు మిల్లు వాటా గలవాని సొమ్ములో అయిదవవంతు పోయినది. ఎవరును అబద్ధమాడలేదు, ఎవరును మోసము చేయలేదు. సూచికలో ప్రతి కంపెనీకిని సమానమైన మాట లేదు; విలువ ఎక్కువ గలదానికి మాట ఎక్కువ. పంచాయతీలో తలకొక ఓటు వంటిది కాదు. పొలము ఎన్ని ఎకరములో అన్ని ఓట్లు అన్నట్టిది. 2024లో ముప్పది కంపెనీలలో హెచ్.డి.ఎఫ్.సి. బ్యాంకు, రిలయన్సు, ఐ.సి.ఐ.సి.ఐ. బ్యాంకు అను మూడింటి బరువే మొత్తములో దాదాపు మూడవవంతు ఉండెను. ఈ మూడును లేచిన దినమున తక్కినవి పడుకొనియున్నను సూచిక లేచును.

ఇందులో ఒక సవరణ కలదు. సబ్బుల కంపెనీకి నిజముగ 500 వాటా లున్నవనియు, వానిలో 300 స్థాపకుని కుటుంబమువద్దనే యుండి ఎన్నడును బజారునకు రావనియు అనుకొనుడు. వానినికూడ లెక్కించిన, బజారులో లేని సరుకునకు బరువు ఇచ్చినట్లగును. అందుచేత 2003 సెప్టెంబరు 1 నుండి, చేతులు మారుటకు వీలైన వాటాలను మాత్రమే సెన్సెక్సు లెక్కలోనికి తీసికొనుచున్నారు. పైన నేను 200 అని వ్రాసినది అట్టి వాటాలనే.

రెండవ విషయము దీనికన్న సూక్ష్మమైనది. మనబోటి కుటుంబములకు దీనికన్న ముఖ్యమైనది. సూచికలోని కంపెనీలు శాశ్వతముగ అవే యుండవు. బలము తగ్గినదానిని తొలగించి బలము పెరిగినదానిని చేర్చుచుందురు. మన నూలు మిల్లును తీసివేసి, 14,000 విలువ గల బస్సుల కంపెనీని చేర్చితి మనుకొందము. మొత్తము 62,500 అగును. మారకముచేత సూచిక హఠాత్తుగ ఎగురరాదు గదా. 105 గానే నిలుపుటకు భాజకమును 500 నుండి సుమారు 595కు మార్చుదురు. అంతే! మరునాటి నుండి నూలు మిల్లు పడినను, మూతపడినను సూచికకు పట్టదు.

1986 నాటి ముప్పదిలో హిందుస్థాన్ మోటార్సు ఉండెను, ప్రీమియర్ ఆటోమొబైల్సు ఉండెను, సెంచురీ మిల్లు ఉండెను, బాంబే డైయింగు ఉండెను. అంబాసిడరు కారు, పద్మినీ టాక్సీ ఎక్కనివారు మనలో ఎవరు? ఆ మిల్లులలో పనిచేసిన తాతలు గల పిల్లలు నేటికిని మన తరగతులలో నున్నారు. వానిలో ఒక్కటియు నేడు సెన్సెక్సులో లేదు. సూచిక నీరసించినవారిని దారిలో దింపి ముందుకు పోవుచుండును. మన పెట్టెలోని వాటా కాగితము మాత్రము దిగిపోదు. "సెన్సెక్సు నలువదియైదేండ్లలో 100 నుండి 80,000 అయినది, వాటాలు కొనియుంచిన చాలును" అని చెప్పు దలాలు ఈ భేదమును చెప్పడు. నిజమే, 2024 జూలైలో సూచిక 80,000 దాటెను. లాభాంశములు గాక, ఏటికి నూటికి సుమారు పదునారు వంతులు చక్రవడ్డీ వంటి పెరుగుదల. కాని అది ఎప్పటికప్పుడు కంపెనీలను మార్చుకొనిన బుట్టకు వచ్చిన పెరుగుదల. ఏదో ఒక్క కంపెనీని నమ్మి కూర్చున్నవానికి అదే వచ్చునన్న హామీ లేదు. నా యొద్దను అట్టి కాగితము ఒకటి కలదు. 1995లో ఒక క్రొత్త కంపెనీవారి ప్రకటన చూచి రెండువందల వాటాలు కొంటిని. దాని పేరు చెప్పి ప్రయోజనము లేదు. మూడేండ్లకు వారి చిరునామాకు పోయి చూడగా గదికి తాళము వేసియుండెను. ఆ సర్టిఫికెట్టు, చక్కని ముద్రతో, ఇప్పటికిని ఇనుపపెట్టెలో పట్టుచీరెల క్రింద నున్నది. పారవేయుటకు మా యింటివారు ఒప్పుకొనరు.

సూచికలో నున్న పెద్ద కంపెనీలైన భయము లేదనుకొనుటయు పొరపాటే. హైదరాబాదు సత్యం కంప్యూటర్సు సెన్సెక్సులోని ముప్పదిలో ఒకటిగ నుండెను. మనవారి పిల్లలు అందులో ఉద్యోగములు చేసిరి. తెలుగు కుటుంబములు ఎన్నో గర్వముతో దాని వాటాలు కొనిరి. 2009 జనవరి 7న దాని అధ్యక్షుడు రామలింగరాజు, ఖాతాలలో చూపిన రొక్కములో అయిదువేల కోట్లకు పైగా లేనే లేదని తానే లేఖ వ్రాసెను. ఆ యొక్క దినమున వాటా ధరలో నూటికి డెబ్బదియైదు వంతులకు మించి పోయెను. సెన్సెక్సు పడినది నూటికి ఏడు వంతులు మాత్రమే. కొలది దినములలో సత్యమును సూచికనుండి తొలగించి మరియొక కంపెనీని చేర్చిరి. సూచిక ఆ గాయమునుండి కోలుకొనెను. నూటికి ఏడు ఒకచోట, డెబ్బదియైదు మరియొకచోట. బుట్టకును ఒక్క పండునకును గల భేదము ఇంతకన్న స్పష్టముగ నేను చూపలేను.

అంకెలను చూచి బెదరుటలో ఒక పొరపాటు తరచుగ జరుగుచున్నది. 1992 ఏప్రిల్ 28న సెన్సెక్సు 570 పాయింట్లు పడెను. కరోనా భయముచే 2020 మార్చి 23న 3,935 పాయింట్లు పడెను. రెండవది మొదటిదానికి ఏడింతలుగ కనబడును. కాని మొదటి దినమున సూచిక నాలుగువేల నాలుగువందల ప్రాంతమున నుండెను. రెండవనాడు దాదాపు ముప్పదివేలు. రెంటిలోను పోయినది నూటికి సుమారు పదమూడు వంతులే. పాయింట్ల సంఖ్య చూడక, నూటికి ఎంత యని అడుగుట పిల్లలకు అలవాటు చేయవలెను. ఏడవ తరగతి శాతముల పాఠము చాలును.

కాలము మాట. 1994 సెప్టెంబరులో సూచిక 4,600 దాటెను. 2003 ఏప్రిల్‌లో అది 3,000కు దిగువన నుండెను. కుమార్తె అప్పుడు మొదటి తరగతిలో నున్నదనియు, కళాశాల రుసుమునకై తండ్రి 1994లో వాటాలలో సొమ్ము పెట్టెననియు అనుకొనుడు. తొమ్మిదియేండ్ల తరువాత, ఆమె పదవ తరగతికి వచ్చునప్పటికి, ఆ సొమ్ము పెరుగుటకు మారు తరుగుటయే జరిగినది. 2008 జనవరిలో 21,000 తాకిన సూచిక అక్టోబరులో ఒక దశలో 8,000కు దిగువకు పోయెను. తరువాత కోలుకొనిన మాట నిజము. కాని కళాశాలవారు రుసుము కట్టు తేదీని సూచిక కోలుకొనువరకు వాయిదా వేయరు. రెండు మూడేండ్లలో కావలసిన సొమ్మునకు ఇది చోటు కాదని నా దృఢమైన అభిప్రాయము.

ఇంతవరకు చెప్పినది వాటాలు కొని యుంచుకొనువారి సంగతి. తల్లిదండ్రులారా, ఇటీవల మన యిండ్లలో ప్రవేశించినది వేరొకటి. పై తరగతుల బాలురు, కళాశాలకు పోవు యువకులు చేతిలోని ఫోనులో వాటాలు కాదు, సూచికల మీద ఆప్షనులు అను బేరములు చేయుచున్నారు. సెన్సెక్సు, నిఫ్టీ ఫలానా తేదీకి ఫలానా అంకె దాటునని కొంత రుసుము చెల్లించి పందెము వేయుట వంటిది ఇది. దాటకున్న రుసుము పూర్తిగ పోవును. తేదీ పెట్టి ముందుమాట మీద చేయు బేరమన్న మాట. 1865 జూలై 1వ తేదీ కథ చదివినవారికి ఇది క్రొత్తది కాదు. వర్తకులు తమ నష్టములనుండి కాచుకొనుటకు ఇట్టి బేరముల అవసరము కలదు, దానిని కాదనను. కాని సామాన్యుల గతి యేమయ్యెనో సెబీవారే లెక్కగట్టిరి. 2024 సెప్టెంబరులో వారు ప్రకటించిన అధ్యయనము ప్రకారము, 2022 మార్చితో ముగిసిన సంవత్సరము మొదలుకొని మూడు సంవత్సరములలో ఇట్టి బేరములు చేసిన వ్యక్తులలో నూటికి 93 మంది నష్టపోయిరి. అట్టి వ్యక్తులు కోటికి పైగా నుండిరి. అందరి నష్టము కలిపి 1,80,000 కోట్ల రూపాయలకు మించెను. మన పాఠశాలలో చదివి వెళ్లిన యువకు డొకడు తల్లి బంగారముమీద తెచ్చిన అప్పును ఇందులో పోగొట్టుకొని, నెలలతరబడి ఇంటిలో చెప్పలేక, చివరకు నా యొద్దకు వచ్చి చెప్పినాడు. వాడు లెక్కలలో మొదటి తరగతివాడు. లెక్క రాకపోవుటచే పోగొట్టుకొనలేదు.

కుటుంబ పెద్దలకు ఒక చిన్న మాట. ఇంటిలో ఎవరి పేరనైన వాటా లున్నచో, ఖాతా వివరములు భార్యకు, పిల్లలకు తెలిసియుండవలెను. నామినీ పేరు వ్రాయించియుండవలెను. ఏడేండ్లు వరుసగ లాభాంశము ఎవరును తీసికొనని వాటాలు చట్టప్రకారము ప్రభుత్వపు మదుపుదారుల రక్షణ నిధికి బదిలీ యగును. తిరిగి పొందవచ్చును గాని, కాగితములతో తిరుగుట చాల శ్రమ.

మిత్రుడు చూపిన పత్రిక ముక్కలోని సంగతి చెప్పి ముగించెదను. ఆయన యొద్దనున్నది ఒక చిన్న వస్త్ర పరిశ్రమ వాటా. అది ముప్పదిలోను లేదు, యాబదిలోను లేదు. తనవలె మగ్గములతో జీవించువారి కంపెనీ యని అభిమానముతో కొంటినని ఆయన తరువాత చెప్పెను. ఈ వ్యాసములోని లెక్కలను అచ్చునకు పంపకముందు ఆయన కుమార్తెకే యిచ్చి సరిచూడుమంటిని. ఆ బాలిక ఇప్పుడు తొమ్మిదవ తరగతి. భాజకమును నేను తొలుత 592 అని వ్రాసియుంటిని. 62,500ను 105 చేత భాగించి, 595.24 అని ఎఱ్ఱసిరాతో దిద్ది, క్రింద తన సంతకము చేసి తెచ్చి యిచ్చినది.